అమ్మోరు లేని అమ్మోరి చీర

విజయనగరం

రైలు దిగి ఆటో ఎక్కాక విజయనగరం నన్ను అడిగిన మొట్టమొదటి ప్రశ్న, "ఏటి మేడం, సేపలా?"

ఆటో అతని తప్పేం లేదు. నా ఒళ్ళో తెల్లటి థర్మోకోల్ పెట్టె, దాని మూల నుంచి చుక్క చుక్కగా కారుతున్న ఐసు నీళ్ళు, పసిపిల్లని పట్టుకున్నట్టు దాన్ని పట్టుకుని నేను. చేపలు కాదు బాబూ అన్నాను. మరేటి అన్నాడు. రైల్లో నిద్ర లేక ఒళ్ళు మండుతోంది నాకు, ఆటలమ్మ అనేశాను. అతను అద్దంలోంచి పెట్టె వంక చూసి, హ్యాండిలు మీంచి ఒక చెయ్యి తీసి దణ్ణం పెట్టుకున్నాడు. ఆ తర్వాత ప్రతి గతుకు దగ్గరా బండిని బుజ్జగించినట్టే నడిపాడు. ఎనభై అడిగినవాడు దిగేటప్పుడు డెబ్భై చాలన్నాడు. హైదరాబాదులో ఇరవయ్యేళ్ళుగా ఇలాంటి పెట్టెలతోనే తిరుగుతున్నాను, ఒక్కడూ పైసా తగ్గించిన పాపాన పోలేదు.

నేనన్నది మరీ అబద్ధం కూడా కాదు. నా ఉద్యోగం గురించి రెండు ముక్కలు చెప్పకపోతే ఈ ప్రయాణం మీకు అర్థం కాదు. ఆటలమ్మ, అదే డాక్టర్లు చికెన్‌పాక్స్ అంటారే, ఒకసారి వచ్చి పోయినవాళ్ళ రక్తం ఆ సంగతి బతికినంతకాలం గుర్తు పెట్టుకుంటుంది. ఆ గుర్తులనే యాంటీబాడీలంటారు. గుర్తుందో లేదో తెలియాలంటే రక్తానికి వైరస్‌ని చూపించాలి. వైరస్‌ని పెంచడం ప్రమాదం, పైగా దానితో పాటు నానా చెత్తా వస్తుంది. అందుకని మేం వైరస్ జన్యువుల్లోంచి దాని పైపొరలో ఉండే ఒకే ఒక్క ప్రోటీన్ తాలూకు ముక్కని తీసి, వేరే కణాల్లో పెట్టి, ఆ కణాల చేత ఆ ప్రోటీన్‌ని చేయిస్తాం. రీకాంబినెంట్ ప్రోటీన్ అంటే ఇంతే. వైరస్ ఉండదు, రోగం రాదు, అయినా రక్తం చూస్తే గుర్తుపడుతుంది.

ఆ ప్రోటీన్‌ని ప్లాస్టిక్ పలకలోని చిన్న చిన్న గుంటల అడుగున పూస్తాం. పలకకి తొంభై ఆరు గుంటలు. ఒక్కో గుంటలో ఒక్కో మనిషి రక్తం తాలూకు సీరం పోసి, కడిగి, రంగు మందు వేస్తే, గుర్తున్న రక్తమైతే గుంట నీలంగా మారి, ఆఖరి చుక్క పడగానే పసుపుపచ్చగా తిరుగుతుంది. గుర్తు లేకపోతే మంచినీళ్ళలా ఉండిపోతుంది. ఎన్ని వందలసార్లు చూశానో, ఆ పసుపెక్కే క్షణం మాత్రం నాకింకా కలలో చూసినట్టే ఉంటుంది.

మా పలకలు బజారుకి వెళ్ళేముందు నగరం బయట పరీక్షించాలి. పెద్దవాళ్ళని చిన్నప్పుడు వచ్చిందా అని అడగాలి, రక్తం తీయాలి, వాళ్ళు చెప్పిందీ గుంట చెప్పిందీ కలుస్తున్నాయో లేదో చూడాలి. నాకు తోడు వచ్చింది సింహాచలం గారు. విజయనగరంలో ఒక ల్యాబులో టెక్నీషియను, యాభై దాటిన మనిషి, సోడాబుడ్డి కళ్ళజోడు. సూది గుచ్చితే దోమ కుట్టినట్టు కూడా ఉండదు, అంత మెత్తని చెయ్యి. నా ఫారం చదివి, నాలుగో ప్రశ్న మీద వేలు పెట్టాడు. ఇక్కడ ఆటలమ్మ గీటలమ్మ అంటే మొహమొహాలు చూసుకుంటారు, అమ్మోరు అని రాయండి అన్నాడు. రాశాను: చిన్నప్పుడు అమ్మోరు వచ్చిందా?

ప్రోటీన్ సంగతి ఆయనకి అరగంట చెప్పాను. అంతా విని, తాండ్ర ముక్క ఒకటి నా చేతిలో పెట్టి తేల్చేశాడు.

"అంటే అమ్మోరు నేకుండా అమ్మోరి సీర ఒక్కటీ నేసినారన్నమాట."

ఆరేళ్ళుగా నేను బొమ్మలు గీసి, అంకెలు వేసి చెబుతున్న సంగతి అది. నోరు మూసుకుని తాండ్ర తిన్నాను. మొదటి ఫారం ఆయనదే. తన రక్తం తనే తీసుకున్నాడు. నాలుగో ప్రశ్నకి జవాబు: వచ్చింది.

నెల్లిమర్ల

మాఘమాసపు పొద్దు. రోడ్డుకి రెండు వైపులా పొగమంచు, అందులోంచి తాటిచెట్లు ఒక్కొక్కటే బయటికి వచ్చి మళ్ళీ వెనక్కి వెళ్ళిపోతున్నాయి. నెల్లిమర్లలో జూటు మిల్లు దగ్గర పని దిగిన వాళ్ళు వస్తుంటే వాళ్ళ జుట్టు మీదా కనుబొమల మీదా గోగునార నూగు. ఎండ పడితే అందరూ బంగారు పూత పూసుకున్నట్టున్నారు. నేను బల్ల వేసుకుని కూర్చుని వాళ్ళనే చూస్తూ ఉండిపోయాను, సింహాచలం గారు దగ్గితే గానీ పెన్ను తీయలేదు.

ఏమాటకామాట, ఇంత చక్కగా జవాబులు చెప్పే జనాన్ని నేనెక్కడా చూడలేదు. మా వైపు ఆటలమ్మ వచ్చిందా అని అడిగితే సగం మంది నెత్తి గోక్కుంటారు, అమ్మని అడిగి చెబుతామంటారు. ఇక్కడ అడగడమే ఆలస్యం. వచ్చింది. వచ్చినాది తల్లీ. ఎందుకు రాదు, వచ్చింది. ఎంత జ్ఞాపకమండీ వీళ్ళకి అని నేను మురిసిపోతుంటే సింహాచలం గారు తల వంచుకుని సీసాలకి కాగితాలు అంటిస్తున్నాడు. అప్పుడే ఆ తల వంపు చూసి ఉండాల్సింది నేను.

చోడంబలి అమ్మే ముసలావిడ పేరు గౌరమ్మ. రాగుల్ని వీళ్ళు చోళ్ళంటారు. గ్లాసు పదిహేను రూపాయలు, నంజుకోవడానికి ఉల్లిపాయా పచ్చిమిరపకాయా ఊరికే. మా ఇంట్లో రాగిజావ అంటే జ్వరం వచ్చినవాళ్ళ తిండి. ఇక్కడ పుల్లగా, చల్లగా, కడుపులోకి దిగుతుంటే కళ్ళు వాటంతటవే మూతలు పడ్డాయి. గౌరమ్మ తనకి అమ్మోరు వచ్చిన కథ చెప్పింది. వేపమండల మీద పడుకోబెట్టారట, ఇంట్లో పోపు చప్పుడు లేదట, గుమ్మంలో వచ్చినవాళ్ళు కాళ్ళు కడుక్కుంటే గానీ లోపలికి రానివ్వలేదట. అమ్మోరు చల్లబడి వెళ్ళిపోయే రోజున పెరుగన్నం కుండలో పెట్టి, పసుపు రాసి, పిల్ల పేరు చెప్పి సాగనంపారట. దాన్ని సద్ది పెట్టడం అంటారు. ఎవరికి వచ్చిందో వాళ్ళ పేరున పెడతారు. నా పేర్న మా మేనమావ మోసినాడమ్మా కుండ అని చెప్పేటప్పుడు, ఆవిడ ముడతల ముఖంలో ఏడేళ్ళ పిల్ల కనిపించింది నాకు. ఈ కథ పుస్తకంలో రాసుకుని, ఇది మన పరీక్షకి పనికిరాదులే అనుకున్నాను. అనుకున్నాను నా మొహం.

పాతపట్నం

పాతపట్నం చేరేసరికి భాషే మెలికలు తిరిగింది. కొట్లో నిలబడితే ఒక మాట తెలుగు, ఒక మాట ఒడియా, అడిగినవాడికీ ఇచ్చినవాడికీ తేడా తెలియనంత కలిసిపోయి. మా పరీక్ష సంగతి తెలిసిన ఇక్కడి డాక్టరమ్మ ఫోను చేసి మరీ ఒక ఇంటికి వెళ్ళమంది. ముందు కిరాణా కొట్టు, వెనక ఇల్లు. గుమ్మానికి వేపమండ. మిట్టమధ్యాహ్నం పొయ్యి మండుతోంది గానీ పోపు వాసన లేదు, చప్పుడు లేదు. ఆ నిశ్శబ్దంలోకి అడుగు పెట్టగానే నా గొంతు కూడా దానంతటదే తగ్గింది.

కొట్టు చూసేది సుందరమ్మ గారు. ఆవిడ చిన్నకొడుకు పిల్లాడికి, ఆరేళ్ళవాడికి, పొక్కులు లేచి ఆ రోజుకి అయిదో రోజు. వాడి పక్కన కూర్చుని వేపమండతో విసురుతున్నది పెద్ద కోడలు పార్వతి. అయిదో నెల కడుపుతో ఉంది. డాక్టరమ్మ భయమల్లా అదే. కడుపుతో ఉన్నప్పుడు ఇది మొదటిసారి వస్తే తల్లి ఊపిరితిత్తుల మీదికి దిగొచ్చు, బిడ్డకీ మంచిది కాదు. ముందే వచ్చి పోయి ఉంటే ఏ భయమూ లేదు. వచ్చి ఉండకపోతే, అంటు తగిలిన పది రోజుల లోపల వేయాల్సిన ఇంజెక్షన్ ఒకటుంది.

నేను నాలుగో ప్రశ్న అడిగాను. పార్వతి పిల్లాడి ముఖం వంకే చూస్తూ, వచ్చింది మేడం అంది. అందుకే తనని కూర్చోబెట్టామని, ఒకసారి వచ్చినవాళ్ళకి మళ్ళీ రాదు కదా అని సుందరమ్మ గారు వివరించారు. నిజమే అన్నాను. నేనే అన్నాను ఆ మాట. డాక్టరమ్మకి ఫోను చేస్తే, హమ్మయ్య అంది. రక్తం మాత్రం మా పరీక్ష కోసం తీసుకున్నాం. పార్వతికి తల్లి లేదు, నెల్లిమర్ల దగ్గర పల్లెలో పెద్దమ్మ పెంచింది. నేను ఆ దారినే వచ్చానని తెలిసి ఆ అమ్మాయి కళ్ళు మెరిశాయి. జూటు మిల్లు కూత ఇనబడిందా అని అడిగింది. లేదంటే చిన్నబుచ్చుకుంటుందని, వినబడిందన్నాను. అబద్ధం.

సుందరమ్మ గారు వెళ్ళేటప్పుడు జీడిపప్పు పొట్లం ఇచ్చి డబ్బు తీసుకోలేదు. కారు ఎక్కాక కూడా చాలాసేపు నా చీరకి వేపాకు వాసన.

శ్రీకాకుళం

శ్రీకాకుళంలో ఒక కాలేజీ వాళ్ళు వాళ్ళ ల్యాబు వాడుకోనిచ్చారు. కిటికీలోంచి నాగావళి కనిపిస్తుంది. నీళ్ళు తక్కువ, ఇసుక ఎక్కువ, ఆ ఇసుక మీద ఎవరో ఆరేసిన చీరలు. సీరాలు పోసి, కడిగి, రంగు మందు వేసి, ఆఖరి చుక్కలు వదులుతూ వెళ్ళాను. గుంటలు ఒక్కొక్కటే పసుపెక్కుతున్నాయి. ఒక్కో పసుపు వెనకా ఎప్పుడో చిన్నప్పటి వేపమండల పడక, పసుపు నీళ్ళు, వాకిట్లో కుండ. ఎంత హాయిగా ఉందో.

ఆ హాయి అయిదు నిమిషాలే. పలక మధ్యలో రంగెక్కని తెల్లటి గుంటలు. ఒకటీ అరా కాదు. ఫారాలు చూస్తే అందరిదీ ఒకటే జవాబు, వచ్చింది, వచ్చింది, వచ్చింది. మళ్ళీ చేశాను. అవే గుంటలు, అలాగే తెల్లగా. ఐసు కరిగి నా ప్రోటీన్ పాడయిందనుకున్నాను. సరిచూసుకోవడానికి హైదరాబాదు నుంచి తెచ్చిన, ఆటలమ్మ వచ్చినవాళ్ళ సీరం పోసిన గుంటలు బాగానే పసుపెక్కాయి గానీ, అది చిక్కటి సీరం, దాన్ని ఎలాంటి పలకైనా పట్టేస్తుంది. పలచగా ఉన్న గుర్తుని పట్టగలగాలి, అసలు పని అది. ఆరేళ్ళ పని, నా చేతి పని, ఇలా తేలిందా అని ఏడుపొచ్చింది.

సింహాచలం గారితో ఎదురుగా టీ కొట్టుకి వెళ్ళి హైదరాబాదుకి ఫోను చేశాను. నా గుంటలు కొన్ని పాడైపోయాయండీ, ఎందుకూ పనికిరాకుండా పోయాయి అని మా పైఅధికారికి చెప్పుకున్నాను. ఫోను పెట్టేసరికి టీ కొట్టావిడ చెమ్మగిల్లిన కళ్ళతో గ్లాసు నా చేతికిచ్చింది. ఎంతమంది గుంటలు తల్లీ నీకు అని అడిగింది. నేను పరధ్యానంగా, తొంభై ఆరు అన్నాను.

ఆవిడ చేతిలో జల్లెడ జారి కింద పడింది. సింహాచలం గారు పొర పోయి, బల్ల పట్టుకుని, కళ్ళజోడు ఊడేంత నవ్వాడు. ఈ జిల్లాల్లో గుంట అంటే ఆడపిల్లట. నాలుగు రోజులుగా నేను ఊరూరా మీ గుంటలో ఇంత పోస్తాను, గుంట రంగు చూస్తాను అంటూ తిరుగుతున్నాను, ఒక్కసారి చెప్పొచ్చు కదా ఈ పెద్దమనిషి. ఒళ్ళు మండింది.

నవ్వింది చాల్లెండి, మీ గుంట కూడా తెల్లగానే ఉంది అన్నాను.

ఆయన నవ్వు ఆగిపోయింది. కళ్ళజోడు తుడుచుకున్నాడు. మీకు రాలేదా మరి అని అడిగాను. ఆ మాట అనకూడదు మేడం అన్నాడు. అనకూడదేంటి, వచ్చిందా రాలేదా అని రెట్టించాను. అప్పుడు, గుళ్ళో మాట్లాడినట్టు, మెల్లగా చెప్పాడు.

"అమ్మోరు రానేదంటే ఏటి మేడం? మా గడప ఆవిడ కంట్లో పడనేదని. అలగ ఎవలు సెప్పుకుంటారు? పైగా ఆవిడ ఇంటాది. రానేదా, అయితే ఇప్పుడొస్తన్నాను ఉండు, అంటాది."

ఓరి దేవుడా. అంటే ఈ ఊళ్ళలో నా నాలుగో ప్రశ్నకి ఒకటే జవాబు. వచ్చినవాళ్ళకీ వచ్చింది, రానివాళ్ళకీ వచ్చింది. ప్రశ్నే తప్పు. నేను వాళ్ళ జ్ఞాపకాన్ని అడిగాననుకున్నాను, వాళ్ళు అమ్మోరికి మర్యాద చేశారు. నా ప్రోటీన్ మాత్రం ఎవరి మొహమాటానికీ లొంగకుండా రక్తం చెప్పిందే చెప్పింది. ఆ అరనిమిషం నాకు కలిగిన సంతోషం దాచుకోను, టీ కొట్టు ముందు గంతేయాలనిపించింది.

అరనిమిషమే. తర్వాత నలభై రెండో గుంట గుర్తొచ్చింది. పరుగున వెళ్ళి పలక వెలుతురులో పెట్టి చూశాను. మంచినీళ్ళలా ఉంది. అది పార్వతిది. ఆ పిల్ల ఇప్పుడు కూడా ఆ మంచం పక్కన కూర్చుని విసురుతూ ఉంటుంది, భయం లేదని నేను చెప్పాను కనక.

మళ్ళీ పాతపట్నం

దారిలో డాక్టరమ్మకి ఫోను చేశాను. మీ పలక ఇంకా పరీక్షలో ఉంది, దాని మాట మీద నేను ఇంజెక్షన్ రాయలేను, విశాఖపట్నం పెద్ద ల్యాబుకి మళ్ళీ రక్తం పంపుతాను, ఈలోగా మీరు వెళ్ళి ఆ అమ్మాయిని అక్కణ్ణుంచి లేపండి అంది. లేపాలంటే సుందరమ్మ గారు నమ్మాలి. అమ్మోరు కూర్చున్న ఇంట్లోకి వెళ్ళి, మీ కోడలికి అమ్మోరు రాలేదు అని నేను ఏ నోటితో అనను? జీడితోటలు పూతకొచ్చి ఉన్నాయి. కారు అద్దాలు దించితే ఆ మత్తు వాసన లోపలంతా నిండింది. అందులో మునిగి నేను మాటలు వెతుక్కుంటున్నాను, ఒక్కటీ దొరకడం లేదు.

దొరికింది సింహాచలం గారికి. కాళ్ళు కడుక్కుని లోపలికి వెళ్ళి, నేల మీద కూర్చుని, పిల్లాడికి దణ్ణం పెట్టి, పార్వతిని అడిగాడు.

"అమ్మా, నీ పేర్న సద్ది ఎవలు పెట్టేరు?"

పార్వతి చెయ్యి ఆగింది. తెలీదంది. పెద్దమ్మకి ఫోను చేయమన్నాడు. ఫోను బల్ల మీద పెట్టి అందరం చుట్టూ కూర్చున్నాం. అవతల కోళ్ళ అరుపులు, పెద్దమ్మ గట్టిగా మాట్లాడే గొంతు. నీ పేర్న పెట్టనేదే తల్లీ, మీ అన్న పేర్న పెట్టినాం, అప్పటికి నువ్వు మీ అమ్మ కడుపులోనే ఉన్నావు, మీ అమ్మే కూసుని ఇసిరింది అంది. ఆ తర్వాత మన ఇంటికి మరి సద్ది పెట్టే పని పడనేదు అంది.

తన తల్లి కూర్చున్నట్టే తనూ కూర్చుని ఉందని ఆ అమ్మాయికి అప్పుడే తట్టినట్టుంది, చెయ్యి పొట్ట మీదికి వెళ్ళింది. తెలీదని నాతో ఎందుకు చెప్పలేదమ్మా అన్నాను. కోపంగా కాదు, నిజంగా అడిగాను.

"ఆవిడ ఇక్కడే కూసుని ఉన్నాది కదా మేడం. ఆవిడ ముందర మరెలాగ సెప్తాను?"

సుందరమ్మ గారు లేచారు. కోడలి చేతిలోంచి వేపమండ తీసుకున్నారు. లెగు, నేను కూసుంటాను, నా పేర్న సద్ది పెట్టినారు, ముక్కు మీద మచ్చ సూడు అన్నారు. పార్వతిని ఆ పూటే వీధి చివర తెలిసినవాళ్ళింట్లో ఉంచారు. మర్నాడు మధ్యాహ్నానికి విశాఖపట్నం జవాబు వచ్చింది: గుర్తు లేదు. సాయంత్రం ఎండ ఇంకా ఉండగానే ఇంజెక్షన్ కూడా వచ్చింది. పొక్కులు లేవడానికి రెండు రోజుల ముందు నుంచే అంటుకుంటుంది కనక, లెక్కకి అది తొమ్మిదో రోజు. ఆటోలోంచి తెల్లటి థర్మోకోల్ పెట్టె దిగుతుంటే, కొట్టు ముందు నిలబడ్డ ఒకాయన, సేపలా అని అడిగాడు. ఈసారి నాకు ఒళ్ళు మండలేదు, నవ్వూ రాలేదు. కళ్ళ నీళ్ళు తిరిగాయి.

సింహాచలం గారిని మాత్రం వదల్లేదు. తనదీ తెల్లగుంటే అని తెలిసీ ఆ ఇంట్లో అంతసేపు కూర్చున్నందుకు నానా చీవాట్లూ పెట్టి, టీకా వేయించుకునేదాకా డాక్టరమ్మ గుమ్మం దాటనివ్వలేదు. సూది చూసి కళ్ళు మూసుకున్నాడు మహానుభావుడు.

హైదరాబాదు

ఇంటికొచ్చాక నాలుగో ప్రశ్న కొట్టేసి, మీ పేరున సద్ది పెట్టారా అని రాశాను. మా పైఅధికారి దాన్ని మూడుసార్లు చదివి, కళ్ళజోడు తీసి నా వంక చూశాడు. చెప్పడానికి నాకు మధ్యాహ్నమంతా పట్టింది. సింహాచలం గారైతే తాండ్ర ముక్క తినేలోపు చెప్పేవాడు.

పార్వతి ఫారం మాత్రం నా బల్ల మీదే ఉండిపోయింది. ఆఖరి గడి నింపాలి: తర్వాత వ్యాధి వచ్చిందా? అవును, కాదు. నెల తిరిగాక డాక్టరమ్మ, అమ్మాయి కులాసా అంది. అయినా కాన్పయ్యేదాకా నాకు ఆ గడి ముట్టుకోబుద్ధి కాలేదు. రోజూ పొద్దున్నే పలకల్లో పసుపు చూస్తున్నప్పుడల్లా ఆ ఒక్క తెల్లగుంట కళ్ళ ముందుకొచ్చేది.

నాలుగు నెలలు దాటాక ఒక ఉదయం ఫోను. సుందరమ్మ గారు. వెనకాల కొట్లో తెలుగూ ఒడియా కలిసిన గోల, ఆ గోలలోంచి పోపు చిటపటలు. గుంట పుట్టినాది మేడం అన్నారు. ఇద్దరూ బాగున్నారట. వచ్చిందా అని నోటిదాకా వచ్చింది, నాలిక్కరుచుకున్నాను. సద్ది ఎవరి పేరున పెట్టారండీ అని అడిగాను.

"పిల్లాడి పేర్నే. పార్వతి పేర్న పెట్టే పని పడనేదు. అమ్మోరు దాని గుమ్మం వరకూ వచ్చినాది, కడుపుతో ఉన్నదాన్ని సూసింది, సల్లగా ఎల్లిపోనాది."

ఫోను పెట్టేసి ఫారం తీశాను. కాదు అన్న మాట దగ్గర గీటు పెట్టబోయి ఆగాను. ఆ గడి పక్కన కొంచెం ఖాళీ ఉంది. అందులో రాశాను: గుమ్మం వరకూ వచ్చింది.